టార్చి బటన్‌కు ఇన్ని పనులు ఎలా వచ్చిపడ్డాయి

కోఠి గుజరాతీ గల్లీలో టార్చిలైటు అడిగితే దుకాణదారు ముందు దాన్ని ఎదుటి మేడ మీదికి వేసి చూపిస్తాడు. మళ్లీ నొక్కితే వెలుగు తగ్గుతుంది, ఇంకోసారి నొక్కితే మరీ తగ్గుతుంది, ఆపై కళ్లు చెదిరేలా టపటపా కొట్టుకుంటుంది, చివరికి ఎస్ఓఎస్ అనే ఆపద సంకేతం. తగ్గు వెలుగు మళ్లీ కావాలంటే ఈ మెరుపులన్నీ దాటుకుని రావాలి. అర్ధరాత్రి కరెంటు పోతే మీటరు పెట్టె దగ్గర ఫ్యూజు చూసుకునేవాడికి నడిసముద్రంలో ఓడ పంపే సంకేతం ఎందుకు? ఈ చిరాకు వెనుక పాతికేళ్ల చరిత్ర ఉంది.

దానికి ముందు వందేళ్లపాటు టార్చికి చెప్పుకోదగ్గ మార్పే రాలేదు. 1899లో డేవిడ్ మిసెల్‌కు అమెరికాలో పేటెంటు వచ్చిన నాటి నుంచీ ఒక గొట్టం, అందులో సెల్లులు, ముందు బల్బు, పక్కన ఒక స్విచ్చి. మన ఇళ్లలో ఉండిన ఎవరెడీ టార్చీ అంతే. 1979లో వచ్చిన మ్యాగ్‌లైటు గట్టి అల్యూమినియం ఒంటితో పోలీసుల చేతికెక్కింది కానీ, దానికీ తెలిసినవి వెలగడం, ఆరడం, తల తిప్పితే కిరణం సన్నబడటం. సెల్లు నీరసిస్తే బల్బు ఎర్రబడేది. ఛార్జి ఎంత మిగిలిందో చెప్పే మీటరు అదే.

ఎల్ఈడీ వచ్చాక ఆ ఏర్పాటు చెల్లలేదు. 1996లో జపాన్ కంపెనీ నిచియా తెల్ల ఎల్ఈడీని అమ్మకానికి తెచ్చింది. కొన్నేళ్లకు లూమిలెడ్స్ వారి లక్సియాన్, 2006లో క్రీ కంపెనీ ఎక్స్ఆర్-ఈ అనే ఎల్ఈడీలు వచ్చాయి. ఎల్ఈడీని బల్బులా నేరుగా సెల్లుకు తగిలించి వదిలేస్తే కుదరదు, కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూటు కావాలి. ఆ సర్క్యూటులో ఒక మైక్రో కంట్రోలర్ చిప్పు పెట్టేశాక మోడ్‌లు కలపడానికి పైసా ఖర్చు లేదు. పెట్టె మీద ‘5 మోడ్‌లు’ అని అచ్చువేసుకోవచ్చు. ఎస్ఓఎస్ మన చేతుల్లోకి అలా వచ్చింది. ఎవరూ అడగలేదు, ఊరికే వచ్చింది కాబట్టి పెట్టారు.

మరి చిప్పుకు మన కోరిక తెలిసేదెలా? తొలి టార్చిలలో వెనుక స్విచ్చి కరెంటునే కోసేస్తుంది. కరెంటు పోతే చిప్పు తాత్కాలిక జ్ఞాపకం చెరిగిపోతుంది. ఇక్కడ ఇంజనీర్లు ఒక చమత్కారం చేశారు. బటన్‌ను సగం నొక్కి వదిలితే కరెంటు క్షణకాలమే ఆగుతుంది, ఆ కాసేపటికి ఆ జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోదు. లేచాక అందులో దాచిన పాత అంకె అలాగే ఉంటే ‘సగం నొక్కారు, తర్వాతి మోడ్‌కు వెళ్లు’ అని, చెరిగిపోతే ‘కొత్తగా వెలిగించారు’ అని అర్థం చేసుకుంటుంది. ఇంత తెలివి ఖర్చుపెట్టి వరుసలో టపటప మెరుపును ఇరికించడమే నాకు మింగుడుపడదు.

రెండో దారి ఎలక్ట్రానిక్ బటన్. చిప్పు ఎప్పుడూ సెల్లుకు తగిలి కునుకు తీస్తూ ఉంటుంది, నొక్కగానే లేస్తుంది. దాంతో ఒక నొక్కు, రెండు నొక్కులు, నొక్కి పట్టుకోవడం వేర్వేరు మాటలయ్యాయి. అమెరికాలో హెచ్‌డీఎస్ వంటి చిన్న కంపెనీలు 2000ల తొలి ఏళ్లలోనే వెలుగు స్థాయిలను కొన్నవారే మార్చుకునే టార్చిలు అమ్మాయి. ధర ఎక్కువ, కొన్నవారు తక్కువ.

2009లో అమెరికాలో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. వెలిగించిన 30 సెకన్ల తర్వాత వెలుగును కొలవాలి, అది పదో వంతుకు పడేదాకా పట్టే కాలాన్ని రన్‌టైమ్‌గా రాయాలి. మంచి ఉద్దేశమే. కానీ తొలి నిమిషం చెలరేగి తర్వాత చల్లగా తగ్గిపోయే టార్చీ ఇందులో పాసవుతుంది. పోటీ వేడెక్కింది, టార్చీ వేడెక్కింది. 2017లో వచ్చిన ఎమిసార్ డీ4 ఒక్క 18650 సైజు లిథియం సెల్లుతో 4,000 ల్యూమెన్లు (వెలుగు కొలత) దాటింది. జేబులో పొరపాటున వెలిగితే గుడ్డ కాలుతుంది. కాబట్టి బటన్‌కు తాళం కావాలి, వేడి చూసి వెలుగు తగ్గించే తెలివి కావాలి.

ఆ అవసరంలోంచే టాయ్‌కీపర్ అనే పేరుతో రాసే ప్రోగ్రామర్ చేతిలో ఆండురిల్ అనే ఫర్మ్‌వేర్, అంటే చిప్పులో ఉండే ప్రోగ్రాము, పుట్టింది. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఎవరైనా దిద్దుకోవచ్చు. ఆరిన టార్చిని మూడుసార్లు నొక్కితే మూడు మెరుపులు, విరామం, తొమ్మిది మెరుపులు. అంటే సెల్లు 3.9 వోల్టుల దగ్గర ఉంది. నాలుగుసార్లు నొక్కితే తాళం. నొక్కి పట్టుకుంటే వెలుగు మెట్లు లేకుండా పెరుగుతుంది.

వేడి సంగతి హైదరాబాద్ వారికి మరీ ముఖ్యం. ఆండురిల్ సాధారణంగా 45 డిగ్రీల దగ్గర వెలుగు తగ్గించడం మొదలుపెడుతుంది. మే నెల మధ్యాహ్నం కారులో వదిలేసిన టార్చి వెలిగించకముందే ఆ గీత దాటి ఉంటుంది. చిప్పులోని ఉష్ణోగ్రత సెన్సరు గురి తప్పితే సరిదిద్దేది కూడా బటన్‌తోనే: గది ఎన్ని డిగ్రీలుంటే అన్ని నొక్కులు. చలిదేశంలో ఇరవైతో సరిపోతుంది, ఇక్కడ వేసవిలో ముప్పై అయిదు లెక్కతప్పకుండా నొక్కాలి. అవతల కూచున్నవాళ్లు మనకేదో అయిందనుకుంటారు. అందుకే రెండో ఆండురిల్‌లో కొత్తవారికి సాదా పద్ధతి పెట్టి, మిగతావి పది నొక్కుల వెనుక దాచారు. నా దృష్టిలో ఫర్మ్‌వేర్‌లో జరిగిన మంచి పని ఇదే.

అడిగి చూస్తే జనం కోరేవి చిన్నవి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు తెల్లవార్లూ నిలిచే వెలుగు చాలు. స్తంభమెక్కే లైన్‌మన్‌కు చేతి తొడుగుతో అందే బటన్ ఉండాలి. పసిపిల్ల తల్లికి పిల్ల లేవనంత మసక వెలుగు తొలి నొక్కుకే రావాలి. అనంతగిరి కొండల్లో రాత్రి నడిచేవారికి ఎన్ని ల్యూమెన్లయినా తక్కువే. ఇన్ని కోరికలకు ఒకే వరుస కుదరదు కనుక, ఆ వరుసను మార్చే అధికారం కొన్నవాడికి ఉండాలన్నది న్యాయమైన కోరిక.

సెల్లుల విషయంలో మాత్రం ఏ ఫర్మ్‌వేరూ పూర్తిగా ఆదుకోలేదు. 18650 సైజులో మేలైన సెల్లు కూడా 3,500 నుంచి 4,000 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జి కొలత) దగ్గర ఆగుతుంది. బజారులో 9,900 అని రాసి ఉన్నది కొంటే రాత మాత్రమే పెద్దది. వోల్టేజీ బాగా పడితే టార్చిని ఆర్పడం చిప్పుకు చేతనవును, సెల్లు నాణ్యతను పెంచడం చేతకాదు.

ఇప్పటికీ తేలనిది ఫర్మ్‌వేర్ ఎక్కించే దారి. చాలా టార్చిలలో యూఎస్‌బీ-సీ రంధ్రం ఛార్జింగుకే పరిమితం. ప్రోగ్రాము మార్చాలంటే తల విప్పి, సర్క్యూటు మీది బొట్టంత రాగి బిళ్లలకు స్ప్రింగు సూదులు ఆనించి, రెండో చేత్తో కంప్యూటర్‌లో ఆదేశం ఇవ్వాలి. ఛార్జింగు తీగతోనే ఆ పనీ అయ్యేలా చేయమని ఔత్సాహికులు అడుగుతూనే ఉన్నారు.