మిద్దె తోట: బెంగళూరులో మనవాళ్ల అపోహలు, వాస్తవాలు

మారతహళ్లి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల మిద్దె తోటలు, బాల్కనీ తోటలు వేసిపెట్టడం నా పని. పిలిచేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల దగ్గర తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: బెంగళూరు చలికి గోంగూర రాదు.

తప్పు చలిది కాదు, వేసిన నెలది. పగటి పొద్దు తగ్గితే గోంగూర పూతకు తిరుగుతుంది. దసరాకు ఊరెళ్లినవాళ్లు విత్తనాలు తెచ్చి అక్టోబరులో చల్లుతారు. జానెడు ఎదగకుండానే మొగ్గ తొడుగుతుంది, ఆకు సన్నబడుతుంది. అవే విత్తనాలు మార్చి నుంచి జూలై లోపు వేసి చూడండి. మూరెడు ఎదిగాక తల తుంచితే పక్క కొమ్మలు వేసి నెలల తరబడి కూర ఇస్తుంది. ఇక్కడి బజార్లో పుండి సొప్పు అని అమ్మేది కూడా ఇదే.

చుక్కకూర, పాలకూర, కొత్తిమీరలది ఎదురు లెక్క, వాటికి చల్లదనమే కావాలి. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి విజయవాడలో కంటే ఇక్కడే అవి సుఖంగా పెరుగుతాయి. ఊళ్లో అమ్మ ఏ నెలలో ఏది వేసేదో అదే పట్టికను ఇక్కడికి తెచ్చుకుంటే కుదరదు.

అపోహ: మాది ఉత్తరం బాల్కనీ, ఎండే పడదు.

ఏడాదంతా పడదన్నది నిజం కాదు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య మనకు ఉత్తరం పక్కన నడుస్తాడు. ఎదురుగా వేరే భవనం అడ్డం లేకపోతే మే, జూన్, జూలైల్లో ఉత్తరం బాల్కనీలోకి పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది. జూన్ దాటాక మబ్బులు పట్టడం వేరే సంగతి. దక్షిణం బాల్కనీకి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా లోపలివరకూ ఎండ పడుతుంది. కుండీలు కొనకముందే ఒక సెలవురోజు కూర్చుని గంటలు లెక్కపెట్టుకోండి. మూడు నాలుగు గంటలుంటే ఆకుకూరలు, ఆరు గంటలుంటే టమాటా, వంకాయ, మిర్చి. మూడు గంటలు కూడా లేకపోతే మీ దగ్గర డబ్బులు తీసుకోవడం నాకే ఇష్టం ఉండదు.

అపోహ: మొక్కలు పెడితే స్లాబ్ కూలుతుంది.

ఎక్కి తిరిగే మిద్దె చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు మోసేలా కట్టాలని మన దేశపు నిర్మాణ ప్రమాణం. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగ్‌లో (మొక్కలు పెంచే సంచిలో) ఇరవై లీటర్ల దాకా పడుతుంది. అంతా ఎర్రమట్టే నింపి తడిపితే ముప్పై కిలోలు దాటుతుంది. మట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సమపాళ్లలో కలిపితే బరువు బాగా తగ్గుతుంది. బ్యాగులను పిట్టగోడ వెంట, కింద దూలం ఉన్నచోట, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. స్లాబ్ కారడానికి అసలు కారణం బ్యాగుల కింద నిలిచే నీరు. పాత ఇల్లయితే ముందు ఇంజినీరును అడగండి, నన్ను కాదు.

అపోహ: నీళ్లకే కటకటలాడే ఊళ్లో తోటలేమిటి?

ఇది ఉత్త అపోహ అని కొట్టిపారేయను. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని మొక్కలకు పోయకూడదని, పోస్తే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. కానీ బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ఏ ఇంట్లోనైనా ఉంటాయి, నాలుగైదు ఆకుకూరల బ్యాగులకు అవి చాలా వరకు సరిపోతాయి. పైన ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు మాత్రం రోజూ పోయొద్దు. అందులోని ఉప్పు బ్యాగులో పేరుకుని ఆకుల అంచులు మాడతాయి. నేను చూసినంతలో నీళ్లు చాలక చచ్చిన మొక్కల కన్నా ఎక్కువై వేరు కుళ్లినవే ఎక్కువ. వేలు మట్టిలోకి దింపి, తడి తగలకపోతేనే పోయండి.

అపోహ: కూరగాయల ఖర్చు తప్పుతుంది.

తప్పదు. ఉల్లి, బంగాళాదుంప మిద్దె మీద దండగ. హాప్‌కామ్స్‌కు (రైతుల సహకార సంఘం కూరగాయల దుకాణానికి) వెళ్లి తెచ్చుకోండి. కోసిన గంటకే వడలిపోయేవి, రోజూ చిటికెడే కావలసినవి పెంచుకోవాలి: తోటకూర, కొత్తిమీర, కరివేపాకు, మిర్చి. తోటకూర నెల రోజుల్లో కోతకొస్తుంది. టమాటా మీద మనసుంటే హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ అనే రకం వేయండి, ఆకుముడత తెగులును తట్టుకుంటుంది. అది హైబ్రిడ్ కాబట్టి దాని విత్తనం దాచిపెట్టి లాభం లేదు.

అపోహ: వేపనూనె ఎంత కొడితే అంత మంచిది.

లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్లు, అదీ సాయంత్రం. మిట్టమధ్యాహ్నం కొడితే పురుగు కన్నా ముందు ఆకే మాడుతుంది. పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు) కొద్దిగా ఉంటే పాత బ్రష్షు చాలు.

అపోహ: పిందె రాలుతోందంటే ఎరువు చాలలేదని.

బీర, కాకర, గుమ్మడిలో మగపూలు, ఆడపూలు వేరు. ఎనిమిదో అంతస్తు బాల్కనీకి తేనెటీగలు రావడం తక్కువ. పుప్పొడి అందని పిందె పసుపు తిరిగి రాలిపోతుంది, దానికి ఎరువు గుమ్మరించి ఏం ప్రయోజనం? మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి తెల్లవారుజామున. ఆఫీసు నుంచి చీకటిపడ్డాక ఇల్లు చేరేవాళ్లు బీరపాదు జోలికి పోకుండా కాకర వేసుకోవడం మేలు.