డెర్బీ ముందు ఛాతీలో బరువు: అపోహలు – వాస్తవాలు

డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు ఫుట్‌బాల్ జట్ల పోరు, దగ్గరపడే కొద్దీ నాకు వచ్చే ఫోన్ల తీరు మారిపోతుంది. "డాక్టరు గారూ, మ్యాచ్ తలచుకుంటే చాలు, గుండె దడదడలాడుతోంది. స్టేడియానికి వెళ్లవచ్చా?" అని అడుగుతారు. అడిగేవారిలో చాలామంది పాతికేళ్లలోపు ఆరోగ్యవంతులు. నిజంగా అడగవలసినవారు అడగరు. గుండె వైద్యుడిగా ఆసుపత్రి ఎమర్జెన్సీలోనూ, డెర్బీ రోజుల్లో స్టేడియం వైద్య గదిలోనూ పనిచేస్తాను కాబట్టి వాళ్లను నేను స్ట్రెచర్ మీదే చూస్తుంటాను.

అపోహ: "ఇది మ్యాచ్ టెన్షన్, అంతే. ఆట అయ్యాక కూడా తగ్గకపోతే చూద్దాం."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒకసారి ఆట మొదలవడానికి ఇంకా అరగంట ఉండగా ఒకాయనను కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. యాభై దాటిన మనిషి. పైస్టాండు మెట్లెక్కుతుండగా ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించిందట. మెడలో జట్టు స్కార్ఫు, నుదుటి మీద చల్లటి చెమట, ఎడమచేతి వేళ్ల మధ్య తడిసి మెత్తబడిన టికెట్టు. ఈసీజీ కోసం ఛాతీ మీద అట్టలు అంటిస్తుంటే, "జట్లు ప్రకటించారా?" అని అడుగుతున్నాడు. కాగితం బయటికి రాగానే నాకు విషయం అర్థమైంది: గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోయింది. "మొదటి సగం చూసి వచ్చేస్తాను డాక్టరు గారూ, ఈ ఒక్క మ్యాచ్" అని బతిమాలాడు. "నాన్నా, నేను స్కోరు చెబుతుంటాను, పద" అని కూతురు ఆయన చేతిలోంచి టికెట్టు లాక్కుంది. అంబులెన్సు స్టేడియం గేటు దాటే సమయానికి లోపల ఆట మొదలైంది. నాళం సకాలంలో తెరవగలిగారు. ఆయన మళ్లీ మ్యాచ్‌లకు వస్తున్నారు.

అందరూ కూతుర్ని వెంటబెట్టుకుని రారు. లెక్క వేసి చూడండి. 90 నిమిషాల ఆట, 15 నిమిషాల విరామం, అదనపు సమయం, ఆపైన బయటికి వచ్చే రద్దీ. రెండు గంటలు సునాయాసంగా దాటిపోతాయి. నాళం పూర్తిగా మూసుకుపోతే అరగంట తిరగకముందే గుండె కండరం చనిపోవడం మొదలవుతుంది. చనిపోయిన కండరాన్ని ఏ మందూ తిరిగి బతికించలేదు. "ఆట అయ్యాక" అన్న రెండు మాటల్లో పోయేది అదీ.

ఇది నా భయమో, వైద్యుల అతిజాగ్రత్తో కాదు. 2006 ప్రపంచ కప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు వైద్యులు గుండె అత్యవసర కేసులన్నీ లెక్కగట్టారు. జర్మనీ ఆడిన రోజుల్లో అవి మామూలు రోజుల కంటే 2.66 రెట్లు ఉన్నాయి. ఆట మొదలైన తొలి రెండు గంటల్లోనే అత్యధికంగా వచ్చాయి. ఆ రోజుల్లో గుండెపోటు వంటి సమస్యలతో వచ్చినవారిలో దాదాపు సగం మందికి అంతకు ముందే గుండె నాళాల జబ్బు ఉంది. దీనికి అర్థం ఫుట్‌బాల్ చూడొద్దని కాదు. జబ్బు ఉందని తెలిసినవాళ్లు ఆ రెండు గంటల్లో వచ్చే నొప్పిని ఆటకు అంటగట్టి ఊరుకోకూడదని అర్థం.

మరి టెన్షన్ ఏదో, గుండెనొప్పి ఏదో ఎలా తెలుస్తుంది? ఎదురుచూపు వల్ల వచ్చే దడ ఆలోచనతో పాటే వస్తుంది, పోతుంది. ఎవరైనా పలకరిస్తే సర్దుకుంటుంది, నాలుగడుగులు వేస్తే తేలికపడుతుంది. గుండెనొప్పి సాధారణంగా నడిస్తే పెరుగుతుంది. బరువుగా, బిగబట్టినట్టు ఉంటుంది. భుజానికో, దవడకో, వీపుకో పాకుతుంది. చెమట, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండడం తోడవుతాయి. అయినా ఈ తేడాలు నూటికి నూరుపాళ్లు నమ్మదగినవి కావు. కొన్నిసార్లు మొదటి ఈసీజీ మామూలుగానే ఉంటుంది. రక్తపరీక్ష చేసి, కొన్ని గంటలాగి మళ్లీ చేస్తేగానీ మేమే తేల్చలేం. అలాంటిది స్టాండులో కూర్చున్న మీరు తేల్చేసుకోవద్దు. కూర్చున్నా ఐదారు నిమిషాల్లో తగ్గని బరువు ఉంటే దగ్గర్లో ఉన్న సిబ్బందిని పిలవండి. ఏమీ లేదని తేలితే మళ్లీ మీ సీట్లోకి వెళ్లి కూర్చోవచ్చు. "ఊరికే వచ్చానండీ, క్షమించండి" అని మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు నిజంగా సంతోషం. ఊరికే వచ్చినవాళ్లను ఇంటికి పంపడం కంటే నాకు నచ్చిన పని లేదు.

అపోహ: "మ్యాచ్ రోజు ఒక్కపూట మాత్ర మానేస్తే ఏమవుతుంది?"

ఎందుకు మానేస్తారో నాకు తెలుసు. నీరు తీసే మాత్ర వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి లేవాలి. కిక్కిరిసిన వరుసలో అందరినీ లేపుతూ వెళ్లాలంటే ఇబ్బంది. కొందరు మద్యం తాగాలని మానేస్తారు, ఇంకొందరు పొద్దున్నే ఉత్సాహంలో మరిచిపోతారు. స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్‌ను 1967లో యూరోపియన్ కప్ విజేతగా నిలిపిన జాక్ స్టీన్ 1985 సెప్టెంబరు 10న కార్డిఫ్‌లో స్కాట్లాండ్ జట్టు మేనేజరుగా వేల్స్‌తో మ్యాచ్ ముగుస్తున్న వేళ కుప్పకూలి, స్టేడియం వైద్య గదిలోనే కన్నుమూశారు. వయసు 62. దుష్ప్రభావాల వల్ల ఆ మ్యాచ్‌కు ముందు గుండె మందులు ఆపేశారని తర్వాత వార్తలు వచ్చాయి. మాత్ర వేళ మార్చుకోవచ్చేమో మీ వైద్యుణ్ణి ముందురోజే అడగండి. చాలా సందర్భాల్లో దారి దొరుకుతుంది. మీ అంతట మీరు మానేయకండి.

అపోహ: "ఇంత దడ వస్తోందంటే నాకు గుండెజబ్బు ఉన్నట్టే."

వారం ముందు నుంచే నిద్రపట్టని పిల్లలకు ఈ మాట. డెర్బీ మిగతా మ్యాచ్‌ల లాంటిది కాదు. అవతలి జట్టు అభిమాని ఎక్కడో దూరాన ఉండడు. పక్కింట్లో, పక్క బెంచీలో, ఒక్కోసారి అదే ఇంట్లో ఉంటాడు. మిలాన్‌లోనైతే రెండు జట్లదీ ఒకే మైదానం. ఓడిపోతే మర్నాడు ముఖం చూపించాల్సింది వాళ్లకే. అందుకే శరీరం ముందుగానే సిద్ధమైపోతుంది: అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, చేతులు చల్లబడతాయి, కడుపులో కలత. 2010 ప్రపంచ కప్ ఫైనల్ చూసిన స్పెయిన్ అభిమానుల లాలాజలం పరీక్షిస్తే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్, పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ రెండూ మామూలు రోజు కంటే ఎక్కువగా ఉన్నాయి. ఆడకుండా, కేవలం చూస్తూ ఉన్నవాళ్ల సంగతి ఇది. మీ దడ మీ అభిమానపు పనే. హాయిగా వెళ్లండి. స్పృహ తప్పి పడిపోయిన అనుభవం ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా, అప్పుడు మాత్రం మ్యాచ్‌కు ముందే ఒకసారి చూపించుకోండి.

అపోహ: "గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే ఆగిపోతుంది."

ఈ సందేశం ప్రతి పెద్ద మ్యాచ్‌కు ముందు ఫోన్లలో తిరుగుతుంది, ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. దగ్గితే మూసుకుపోయిన నాళం తెరుచుకోదు. దగ్గుతూ కూర్చున్నంతసేపూ సహాయం ఆలస్యమవుతుంది. దయచేసి ఎవరికీ పంపకండి. పక్కవాడు కుప్పకూలి, పిలిచినా పలకక, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి, డీఫిబ్రిలేటర్ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) తెమ్మని కేకవేయండి. ఈ రెండూ అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

అపోహ: "ఓడితేనే ప్రమాదం."

కాదు. మ్యూనిక్ వైద్యులు తేల్చింది గెలుపోటముల కంటే ఉత్కంఠే ముఖ్యమని.

అపోహ: "ఆడవాళ్లకు ఇవేవీ రావు."

ఆ మ్యూనిక్ లెక్కల్లోనే పురుషుల్లో కేసులు 3.26 రెట్లయితే మహిళల్లో 1.82 రెట్లు. తక్కువే, లేవని కాదు. పైగా వాళ్లలో కొన్నిసార్లు ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వికారం, వీపునొప్పి, విపరీతమైన నీరసంతోనే మొదలవుతుంది. వాటిని గ్యాసు కింద కొట్టిపారేస్తారు.

అపోహ: "స్టేడియానికి వెళ్లకుండా టీవీలో చూస్తే భయం లేదు."

ఉత్కంఠ తెర మీదైనా ఒకటే. స్టేడియంలో కనీసం వైద్య గది, డీఫిబ్రిలేటర్ ఉంటాయి. ఇంట్లో ఒంటరిగా చూసే గుండెరోగి ఫోను చేతికందేలా పెట్టుకోవాలి. విరామంలో ఒకసారి ఫోను చేయమని ఇంట్లోవాళ్లకో, స్నేహితుడికో చెప్పాలి. అవతలి జట్టు అభిమాని అయినా ఫరవాలేదు.