సింహాద్రి ఆగితే హన్మకొండకు ఎలా తెలుస్తుంది?

హన్మకొండలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది: "విశాఖ సముద్రం ఒడ్డున సింహాద్రి విద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్ ఉన్నట్టుండి ఆగిపోతే మనకు తెలుస్తుందా సార్?"

తెలుస్తుందమ్మా. మీ ఇంట్లో ఫ్యానుకు, బాయి కాడి మోటారుకు, రామగుండంలో తిరిగే టర్బైనుకు, అన్నింటికీ కొద్ది సెకన్లలోనే తెలిసిపోతుంది. మన కంటికే ఆనదు.

ఓల్టేజీ, ఓమ్ సూత్రం మీ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి వదిలేస్తున్నాను. ఏసీ పాఠంలో సైన్ తరంగం గీయిస్తారు, ఆర్ఎంఎస్ విలువ కట్టిస్తారు. ఆ తరంగం దేశమంతా ఒకే వేగంతో ఊగుతుందన్న ముచ్చట మాత్రం చెప్పరు. నా దృష్టిలో ఆ పాఠానికి ప్రాణం అదే. రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్ ఇరుసు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 50. సింహాద్రిదీ అంతే, భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం (కేటీపీపీ)దీ అంతే. జలవిద్యుత్ యంత్రాలు మెల్లగా తిరుగుతాయి కానీ వాటికి అయస్కాంత ధ్రువాలు ఎక్కువ, చివరికి వచ్చేది అదే 50 హెర్ట్జ్.

కోలాటం గుర్తు తెచ్చుకోండి. ప్రతి ఒక్కరి కోల పక్కవారి కోలను తాకాలి. ఒకరు రవ్వంత వెనకబడినా దెబ్బ వేళ్ల మీద పడుతుంది. కొత్తగా చేరేవారు గబుక్కున దూరరు. పక్కన నిలబడి అడుగు కలుపుకుని, తాళం కుదిరాక సందు చూసుకుని వరుసలోకి వస్తారు. జనరేటరును గ్రిడ్‌కు, అంటే అన్ని కేంద్రాలనూ కలిపే కరెంటు తీగల వలకు, కలిపేదీ ఇలాగే. రెండింటి తాళం కలిసిందో లేదో చూపే సింక్రోస్కోప్ ముల్లు నెమ్మదిగా తిరుగుతూ పన్నెండు గంటల చోటికి వచ్చే క్షణంలో బ్రేకరు వేస్తారు. తాళం తప్పితే టన్నుల బరువున్న ఇరుసు మీద భయంకరమైన మెలి పడుతుంది.

ఇప్పుడు ఆ కోలాటం మోకాటి లోతు బురదలో సాగుతోందనుకోండి. మనం వాడే కరెంటే ఆ బురద. మీరు హీటరు వేస్తే అది కాస్త చిక్కబడుతుంది. ఆడేవారిలో ఒకరు సోలిపోతే ఆ భారం మిగతా అందరి కాళ్ల మీద పడి, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఆట మొత్తం మందగిస్తుంది. సింహాద్రి ఆగిన కబురు రామగుండానికి చేరేది ఈ దారినే.

ఆ మొదటి క్షణాల్లో లోటు పూడ్చేది తిరుగుతున్న ఇరుసుల్లోని గతిశక్తి. అది ఖర్చవుతున్నకొద్దీ వేగం తగ్గుతుంది. వేగం తగ్గగానే, వేగాన్ని కనిపెట్టుకుని ఉండే గవర్నరు అనే పరికరం ఆవిరి కవాటాన్ని ఇంకాస్త తెరుస్తుంది. గవర్నరు డ్రూప్ 5 శాతమైతే, ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఊపుల సంఖ్య) 50లో 5 శాతం, అంటే 2.5 హెర్ట్జ్ పడినప్పుడు యూనిట్ తన పూర్తి సామర్థ్యమంత పెంచాలని లెక్క. అలాగైతే 0.1 హెర్ట్జ్‌కు 500 మెగావాట్ల యూనిట్ పెంచేది 20 మెగావాట్లు. 2024 మేలో దేశపు గరిష్ఠ డిమాండు 2.5 లక్షల మెగావాట్లను తాకింది. అంత పెద్ద ఆటలో 500 మెగావాట్లు పోతే దశాంశం తర్వాత రెండో అంకె దగ్గర కదలిక వస్తుంది, అంతే.

ఫ్రీక్వెన్సీ దేశానిది, ఓల్టేజీ ఊరిది. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్ల మన రైతులకు నష్టం జరుగుతోంది. మోటారు వరుసగా రెండుసార్లు కాలితే దిష్టి తగిలిందని స్టార్టరు డబ్బాకు నిమ్మకాయ, మిరపకాయలు కడతారు. చూస్తే బాధేస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు మోయలేనన్ని మోటార్లు ఎక్కితే ఓల్టేజీ పడిపోతుంది. అదే పని చేయడానికి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లు. వైండింగ్ కాలేది అందుకే. ఫ్రీక్వెన్సీ పడితే వ్యవహారం వేరు. 49కి దిగితే మోటారు వేగం 2 శాతం, పంపు లాగే శక్తి దాదాపు 6 శాతం తగ్గుతాయి. అంటే బురద తనంతట తానే కొంచెం పలచబడి ఆటగాళ్లను ఆదుకుంటుంది.

2013 చివరి దాకా దక్షిణాదిది వేరే కోలాటం. తాళాలు వేరైన రెండు గుంపులను కలిపేస్తే రెండూ చెదిరిపోతాయి. అందుకని మధ్యలో ఒకరు నిలబడి, అటువైపు వారి దగ్గర బరువు అందుకుని ఇటువైపు వారికి ఇస్తారు, తాను మాత్రం ఎవరితోనూ అడుగు కలపరు. అలాంటి ద్వారం ఒకటి మనకు ఉత్తరాన చంద్రపూర్ దగ్గర భద్రావతిలో ఉంది, 1000 మెగావాట్లది. అక్కడి నుంచి లైన్లు రామగుండం వస్తాయి. రెండోది తీరాన గాజువాకలో, 1999లో 500 మెగావాట్లు, 2005లో మరో 500. ఒకే ఆవరణలో థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఏసీని డీసీగా మార్చి, వెంటనే మళ్లీ ఏసీ చేస్తాయి. డీసీకి ఊపు లేదు, కాబట్టి అవతలి తాళం ఇవతలికి రాదు. 2012 జులై 30న ఉత్తరాది గ్రిడ్, మర్నాడు దాంతోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినా మనది నిలబడింది. తర్వాత 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో మనమూ పెద్ద ఆటలో కలిశాం. కలవడమే మంచిదైందని నా నమ్మకం. ఆట ఎంత పెద్దదైతే ఒకరు తూలినప్పుడు కుదుపు అంత తక్కువ.

ఇప్పుడు సౌరఫలకాలు వస్తున్నాయి. వాటికి తిరిగే ఇరుసు లేదు. వాటి డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్లు చాలావరకు గ్రిడ్ తాళం విని అనుసరించేవే, పట్టి నిలబెట్టేవి కావు. మధ్యాహ్నం ఎండ కరెంటు దండిగా ఉన్నా బొగ్గు యూనిట్లు కొన్నింటిని పూర్తిగా ఆపకుండా తక్కువ లోడుతో తిప్పుతూ ఉంచడానికి ఇదీ ఒక కారణం. తాళాన్ని తామే సృష్టించగల గ్రిడ్-ఫార్మింగ్ ఇన్వర్టర్ల మీద, ఆవిరి లేకుండా బరువు కోసమే తిరిగే సింక్రోనస్ కండెన్సర్ల మీద ఇంజినీర్లు పని చేస్తున్నది ఇందుకే.