వినడానికి చేసిన బల్లలు

స్కూల్ లోపల ఎలా ఉండాలి అన్న చర్చ ఎక్కడ మొదలైనా పది నిమిషాల్లో రంగుల దగ్గరికి వచ్చేస్తుంది. గోడలకి ఏ రంగు, వరండాలో ఎవరి బొమ్మలు, పిల్లలకి విలువలు అబ్బాలంటే ఏ సూక్తులు రాయించాలి. నాకు ఇక్కడే పేచీ. తరగతి గది చరిత్ర కాస్త తిరగేస్తే తెలిసేదేంటంటే, బల్ల ఎలా వేశారు, కిటికీ ఎటు పెట్టారు, తలుపు పిడి ఎంత ఎత్తున ఉంది, చీపురు ఎవరి చేతిలో ఉంది అనేవి నేర్పినంతగా గోడ మీది రాతలు ఎప్పుడూ ఏమీ నేర్పలేదు.

అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1899లో ఒక సంగతి చెప్పాడు. పిల్లలకి అన్ని విధాలా సరిపోయే బల్లలు, కుర్చీల కోసం ఊళ్లో స్కూల్ సామాన్లు అమ్మే దుకాణాలన్నీ తిరిగాడట. ఎక్కడా కుదరలేదు. చివరికి ఒక దుకాణదారు అసలు విషయం తేల్చేశాడు: మీకు కావల్సింది పిల్లలు పని చేసుకునే బల్లలు, ఇక్కడున్నవన్నీ వినడానికి చేసినవి.

మరి ఈ వినే బల్ల ఎక్కడి నుంచి వచ్చింది? 1798లో జోసెఫ్ లాంకాస్టర్ లండన్‌లో పేద పిల్లలకి బడి పెట్టాడు. పోనుపోను అది ఒక పెద్ద హాలు, ఒక్క మాస్టారు, వందల మంది పిల్లలు అనే పద్ధతిగా తయారైంది. జీతాలకి డబ్బుల్లేవు, పుస్తకాలకి అసలే లేవు, అందుకని కాస్త చదువొచ్చిన పిల్లల్నే మానిటర్లుగా పెట్టి మిగతావాళ్లకి చెప్పించాడు. హాలు అమరిక మొత్తం ఈ లెక్కలోంచే పుట్టింది. మధ్యలో పొడవాటి బెంచీల వరసలు, వెనక్కి పోయేకొద్దీ నేల ఎత్తుగా లేస్తుంది, ఎందుకంటే ఆఖరి వరసలో కుర్రాడు కూడా మాస్టారి కంట పడాలి కదా. హాలు అంచుల వెంట పిల్లలు అర్ధచంద్రాకారంగా గుంపులు కట్టి నిలబడి, గోడకి వేలాడదీసిన ఒకే ఒక్క అచ్చు కాగితం చూసి చదివేవాళ్లు, అంటే ఒక పుస్తకాన్ని విడదీసి హాలంతటికీ సరిపెట్టారన్నమాట. అక్షరాలు కొత్తగా దిద్దేవాళ్లకి ఇసుక పోసిన బల్ల ఉండేది. ఆ ఇసుక మటుకు మన వైపు నుంచి వెళ్లిందే. మద్రాసులో అనాథ బాలుర బడి చూసుకున్న ఆండ్రూ బెల్, ఇక్కడి వీధి బడి పిల్లలు ఇసుకలో వేలితో రాసుకోవడం చూసి తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. ఇసుక ఓడెక్కింది గానీ పిల్లలు కూర్చున్న అరుగు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

1840ల చివర్లో బోస్టన్‌లో క్విన్సీ స్కూల్ కట్టినప్పుడు ఆ పెద్ద హాలు ముక్కలైంది. తరగతికో గది, గదికో టీచర్, పిల్లవాడికో బల్ల. మనకి స్కూల్ అనగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ ఇదే. ఒకరి కోసం ఒక బల్ల అన్నది అప్పటికి పెద్ద ముందడుగే, కాదనను. కానీ చాలా స్కూళ్లలో ఆ బల్లల్ని నేలకి బిగించేశారు.

తర్వాత డాక్టర్లు దిగారు. కంటి వైద్యుడు హెర్మన్ కోన్ 1860ల్లో, అప్పటి జర్మన్ నగరం బ్రెస్లావ్‌లో, ఆ ప్రాంతపు పల్లెల్లో, 10,060 మంది స్కూలు పిల్లల కళ్లు పరీక్షించి పై తరగతులకి వెళ్లేకొద్దీ దూరపు చూపు మందగిస్తోందని లెక్కలతో చూపించాడు. చీకటి గదులు, ఒంటికి సరిపడని బల్లలు, తప్పంతా వీటిదే అనుకున్నారు. కిటికీలు పెద్దవయ్యాయి, మంచిదే. దాంతో పాటు వెలుతురు ఎడమ వైపు నుంచే పడాలి అనే నియమం దేశదేశాలకీ పాకింది, రాసే చేతి నీడ కాగితం మీద పడకూడదని. ఏ చెయ్యి? కుడి చెయ్యే. ఒక పక్క కిటికీలు, ఎదురుగా బోర్డు, అందరి ముఖాలూ ఒకే వైపుకి. ఎడమచేతి వాటం పిల్లలు ప్లాన్ గీసినప్పుడే లెక్కలోంచి పోయారు. కుడిచేత్తోనే రాయాలని గోడ మీద ఎవరూ రాయనక్కర్లేదు, గదే ఆ పని చేసిపెట్టింది.

సంస్కృతి విషయానికొస్తే, గదికి ఎంత బలం ఉందో బాగా అర్థం చేసుకున్నవాళ్లు ఆ సంస్కృతిని తుడిచెయ్యాలనుకున్నవాళ్లే. 1879లో పెన్సిల్వేనియాలో పాత సైనిక బ్యారక్‌లలో కార్లైల్ అనే బోర్డింగ్ స్కూల్ తెరిచి అమెరికా ఆదివాసీ తెగల పిల్లల్ని తీసుకొచ్చారు. జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు, యూనిఫారాలు వేసి వరసల్లో నడిపించారు. పిల్లలు ఏ ఇంటి నుంచి వచ్చారో ఆ ఇంటిని గుర్తుచేసే వస్తువు ఒక్కటీ చుట్టుపక్కల ఉండకూడదన్నదే అక్కడి ఇంటీరియర్ డిజైన్. దీనికి సరిగ్గా ఎదురు దారి న్యూజిలాండ్‌లో మావోరీ ఆదివాసులది. భాష చచ్చిపోతోందని 1982లో కోహంగా రెయో అనే పసిపిల్లల బడులు మొదలుపెట్టారు, వాటిలో కొన్ని ఆ తెగల సభా మందిరాల దగ్గరే నడిచాయి. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి, చుట్టూ ఉన్న చెక్కడపు స్తంభాలు ఎవరో దేవుళ్లు కారు, పేరు పేరునా వాళ్ల పూర్వీకులు. పిల్లలు ముత్తాతలకి ఆనుకుని కూర్చుని మాటలు నేర్చుకున్నట్టే. దీని పక్కన సూక్తుల బోర్డు పెట్టి చూడండి.

1907లో రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదల వాడలో మరియా మాంటిస్సోరి చేసిన పని చూడ్డానికి చిన్నది. పిల్లలు తమంతట తాము ఎత్తి జరుపుకోగలిగే తేలిక కుర్చీలు పెట్టింది. అవి ఊరికే పడిపోతాయి కదా అంటే, పడనివ్వండి అంది. బరువైన బెంచీకి తగిలితే ఏమీ కాదు, పిల్లవాడికి తెలీను కూడా తెలీదు. తేలిక కుర్చీ దభీమని పడుతుంది, ఆ చప్పుడే వాడికి చెప్తుంది, మర్నాడు ఒద్దికగా నడుస్తాడు. క్రమశిక్షణ అనే పెద్ద మాటని ఆవిడ కుర్చీ బరువులోకి దించేసింది. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

1940లో ఇల్లినాయ్‌లోని విన్నెట్కాలో క్రో ఐలాండ్ స్కూల్ కట్టినప్పుడు ఆ ఆలోచన భవనానికంతటికీ పాకింది: ఎల్ ఆకారపు గదులు, గదిలోనే పనిచేసుకునే మూల, తగ్గించిన సీలింగ్, పిల్లల చేతికందే స్విచ్‌లు. 1960, 70ల్లో కొంతమంది ఇంకా ముందుకెళ్లి గోడలే తీసేశారు. నాలుగు తరగతుల గోల ఒకేచోట, టీచర్లకి రోజంతా తలనొప్పి. చాలా చోట్ల బీరువాలు అడ్డం పెట్టుకుని, ఆఖరికి మళ్లీ గోడలు లేపారు.

ఈ మధ్య కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో సాల్ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 27 స్కూళ్లు, 153 గదులు, 3,766 మంది పిల్లల్ని పరిశీలించి 2015లో లెక్క ఇచ్చారు. ఒక ఏడాదిలో పిల్లల చదువు సాగిన తీరులో ఉన్న తేడాల్లో 16 శాతం దాకా గది వల్లే వస్తోందట. అందులో సగం వెలుతురు, గాలి, ఉష్ణోగ్రతలది. ఇది మా గది అని పిల్లలకి అనిపించడం, గదిని అవసరానికి మార్చుకోగలగడం కలిపితే ఒక పావు. మనం గంటలు గంటలు కొట్టుకునే రంగులు, అలంకరణ కలిపితే మిగతా పావు, అదీ మరీ బోసిగా ఉన్నా తప్పే, మరీ కిక్కిరిసినా తప్పే. అంతకు ఏడాది ముందు కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చిన్న ప్రయోగం చేశారు. నిండా చార్టులు అతికించిన గదిలో, ఖాళీ గోడల గదిలో అవే పాఠాలు చెప్పి చూస్తే, చార్టుల గదిలో పిల్లల చూపు ఎక్కువగా పక్కకి పోయింది, తక్కువ నేర్చుకున్నారు. 24 మంది పిల్లలతో చేసింది, దాన్ని పట్టుకుని గోడలన్నీ గీకెయ్యమని అనను.

మన దేశంలో బాలా (బిల్డింగ్ యాజ్ లెర్నింగ్ ఎయిడ్) అనే ఆలోచన 1990ల చివర్లో రాజస్థాన్‌లో కబీర్ వాజ్‌పేయి బృందం దగ్గర మొదలైంది. భవనాన్నే పాఠ్య సామగ్రిగా వాడుకోవడం. తలుపు తిరిగే చోట నేల మీద కోణాలు గీస్తారు, తలుపు తోసిన ప్రతిసారీ ముప్ఫై, నలభై అయిదు, తొంభై దాటుకుంటూ పోతుంది, పిల్లలు దాంతో ఆడుకుంటారు. చక్కటి ఆలోచన, ఖర్చు కూడా పెయింటు డబ్బా అంతే. చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. నేను చూసిన ఒక స్కూల్లో ఆ కోణాల బొమ్మని ఎంతో ముచ్చటగా వేయించారు, మూడు రంగుల్లో, వరండా గోడ మీద, నా తలకంటే ఎత్తున. అక్కడ తలుపు లేదు.