డయాగ్రమ్ కోడ్ నుంచి బొమ్మ దాకా: కొన్ని అపోహలు, వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో బొమ్మలన్నీ కోడ్‌గానే రాస్తుంటాను. గ్రాఫ్‌విజ్, ప్లాంట్‌యూఎంఎల్, మెర్మెయిడ్... పరికరం ఏదైనా, కొత్తగా చేరినవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం మారవు. ఆ బొమ్మను ఎక్కడ చదువుతారో తేల్చుకోకుండా రెండర్ కొట్టెయ్యడమే (అంటే కోడ్‌ను బొమ్మగా మార్చెయ్యడమే) సగం తిప్పలకు మూలం.

అపోహ: కోడ్‌లో ముందు రాసింది పైన, తర్వాత రాసింది కింద వస్తుంది.

ఆ హామీ లేదు. మీరు రాసేది దేనికి దేనితో సంబంధమో మాత్రమే. ఏది ఎక్కడ ఉండాలో చూసుకునేది లేఅవుట్ ఇంజిన్. గ్రాఫ్‌విజ్‌లోని డాట్ అనే ఇంజిన్ మొదట బాణాల దిశను బట్టి పెట్టెలను అంతస్తులుగా విడదీస్తుంది. తర్వాత గీతలు ఒకదాన్నొకటి వీలైనంత తక్కువగా దాటేలా ఒక్కో అంతస్తులో వరస సర్దుతుంది. ఆ పైన స్థానాలు లెక్కగట్టి, చివర్లో వంపు గీతలు గీస్తుంది. అందుకే ఒక్క బాణం చేర్చినా ఎడమన ఉన్న పెట్టె కుడికి ఎగిరిపోవచ్చు. కనిపించని బాణాలు పెట్టి పెట్టెల్ని జరిపేవాళ్లున్నారు. రెండు మార్పులయ్యేసరికి ఆ కోడ్ రాసినవాళ్లకే అర్థం కాదు. రెండు పెట్టెలు ఒకే వరసలో ఉండాలంటే 'ర్యాంక్ సేమ్' అనే సెట్టింగ్ చాలు. దిశంటూ లేని నెట్‌వర్క్ బొమ్మలైతే డాట్ వదిలేసి నీటో అనే మరో ఇంజిన్ వాడి చూడండి. ప్రతి పెట్టే చెప్పిన చోటే ఉండాలంటారా, దాన్ని చేత్తో గీసుకోవడమే మేలు.

అపోహ: ఎస్‌వీజీ (గీతలూ అక్షరాలూ కోడ్‌గా దాచే ఇమేజ్ ఫార్మాట్) చేస్తే ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది.

మెర్మెయిడ్ బ్రౌజర్ కోసం పుట్టిన జావాస్క్రిప్ట్ లైబ్రరీ. ఫ్లోచార్ట్ పెట్టెల్లోని అక్షరాలను మామూలుగా హెచ్‌టీఎంఎల్ ముక్కలుగా ఎస్‌వీజీలో ఇరికిస్తుంది. బ్రౌజర్‌లో బాగానే కనిపిస్తాయి. అదే ఫైల్‌ను ఇంక్‌స్కేప్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పెట్టెలూ బాణాలూ మిగిలి అక్షరాలు మాయమవుతాయి. కాన్ఫిగ్‌లో హెచ్‌టీఎంఎల్ లేబుళ్లను ఆపేసి మళ్లీ రెండర్ చెయ్యండి, లేదా పీఎన్‌జీ (పిక్సెళ్లతో ఉండే మామూలు ఇమేజ్) తీసుకోండి.

పీఎన్‌జీకీ దాని పేచీ దానికుంది. మెర్మెయిడ్ కమాండ్‌లైన్ పరికరం తెర వెనక క్రోమియం బ్రౌజర్‌నే నడుపుతుంది, కాబట్టి అది నడిచే మెషీన్‌లో ఉన్న ఫాంట్లే బొమ్మలోకి వస్తాయి. తెలుగు ఫాంట్ లేని కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే చిన్న వాతావరణంలో) తెలుగు లేబుళ్లు ఖాళీ డబ్బాలుగా దిగుతాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తే సరి. ఇక ప్లాంట్‌యూఎంఎల్ బొమ్మ సగంలో తెగిపోతే కోడ్‌ను తిట్టకండి: పీఎన్‌జీ పొడవు వెడల్పులకు అది పెట్టుకున్న డిఫాల్ట్ హద్దు 4096 పిక్సెళ్లు. ఆ హద్దు పెంచుకోవచ్చు, ఎస్‌వీజీకి మారిపోవచ్చు.

గిట్‌హబ్‌లో రీడ్‌మీ (ప్రాజెక్ట్ పరిచయ ఫైల్) కోసమే అయితే ఈ గొడవే అక్కర్లేదు. మార్క్‌డౌన్‌లోని మెర్మెయిడ్ కోడ్‌ను 2022 నుంచి అది నేరుగా బొమ్మగా చూపిస్తోంది.

అపోహ: ఏ డయాగ్రమ్‌నైనా అక్షరాల బొమ్మగా మార్చుకోవచ్చు.

ఇక్కడే ఆశ ఎక్కువ. ప్లాంట్‌యూఎంఎల్‌లో టెక్స్ట్ అవుట్‌పుట్ రెండు రకాలు: ఒకటి హైఫన్లూ నిలువు గీతలతో శుద్ధ ఆస్కీ, రెండోది యూనికోడ్ పెట్టె గీతలతో. కింది వరసలాంటి సీక్వెన్స్ డయాగ్రమ్‌కి (ఎవరు ఎవరికి ఏ సందేశం పంపారో వరసగా చూపే బొమ్మకి) రెండూ బాగుంటాయి:

"క్లయింట్" -> "సర్వర్" : లాగిన్

క్లాస్ డయాగ్రమ్ లాంటివాటికి ఆ మోడ్‌ను నమ్ముకోవద్దు. పెట్టెలూ బాణాలూ మాత్రమే ఉన్న చిన్న గ్రాఫ్‌లకు పెర్ల్‌లోని గ్రాఫ్ ఈజీ మంచి పనిమంతురాలు. డిటా, ఎస్‌వీజీబాబ్ కూడా ఇదే కోవ అనుకుంటారు గానీ, వాటిది తిరగేసిన పని: మీరు అక్షరాలతో గీసిన బొమ్మను అవి ఇమేజ్‌గా మారుస్తాయి.

తెలుగు లేబుళ్లతో ఇంకో చిక్కు. 'సర్వర్' మన కంటికి మూడు అక్షరాలు; యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు (కంప్యూటర్ లెక్కలో విడి గుర్తులు). ఆరు అనుకుని ప్రోగ్రామ్ పెట్టె గీస్తుంది, టెర్మినల్ తన ఫాంట్‌ను బట్టి మరో వెడల్పు చూపిస్తుంది, కుడి గోడ వంకర పోతుంది. నేనైతే పెట్టెల్లో 1, 2, 3 వేసి, పేర్లు బొమ్మ కింద వరసగా తెలుగులో రాస్తాను. అందంగా ఉండదు, కానీ లాగ్ ఫైల్లోనైనా కోడ్ కామెంట్లోనైనా చెక్కుచెదరదు.

అపోహ: ఇమేజ్ పంపితే కోడ్ బయటికి పోదు.

ప్లాంట్‌యూఎంఎల్ పీఎన్‌జీ తన మెటాడేటాలో (ఫైల్‌లో దాగి ఉండే అదనపు సమాచారంలో) మూల కోడ్‌ను మోసుకెళ్తుంది. అసలు ఫైల్ పోగొట్టుకున్నవాళ్లకు ఇది వరం: ఇమేజ్ నుంచి కోడ్ తిరిగి రాబట్టే ఆప్షన్ ఆ పరికరంలోనే ఉంది. బయటి క్లయింట్‌కి పంపేవాళ్లు మాత్రం మెటాడేటా ఆపేసే ఆప్షన్ పెట్టి రెండర్ చెయ్యాలి. ఆన్‌లైన్ ప్లాంట్‌యూఎంఎల్ సర్వర్ ఇచ్చే పొడవాటి లింకూ అంతే. అందులోని గజిబిజి అక్షరాలు ఎన్‌క్రిప్షన్ కాదు, కుదించిన మీ కోడే. లింకు దొరికిన ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. లోపలి సర్వర్ల పేర్లున్న డయాగ్రమ్‌లను సొంత మెషీన్‌లోనే రెండర్ చేసుకోండి. సీక్వెన్స్ డయాగ్రమ్‌లకైతే గ్రాఫ్‌విజ్ కూడా అక్కర్లేదు, జావా ఉంటే చాలు.