విదేశీ కోర్టు కాగితం కడపలో ఎంతవరకు చెల్లుతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: అమెరికా కోర్టు విడాకులిచ్చేసింది, ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు.

వాస్తవం: తొందరపడితే మొదటి భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకున్నారని క్రిమినల్ కేసు పడుతుంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో అదే జరిగింది. భర్త మిస్సోరీలో 90 రోజులు ఉన్నట్టు చూపి విడాకులు తెచ్చుకుని, ఇక్కడికొచ్చి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ (కోర్టు ఉత్తర్వు) మన దగ్గర చెల్లదని 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి కోర్టు చూపిన 'కాపురం ఇక అతకదు' అన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. పైగా భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు, తన జవాబులోనే ఆ మాట రాసింది. అందుకే అక్కడి నుంచి సమన్లు వస్తే గమ్మున ఉండొద్దు. జవాబు మొదటి పేరాలోనే 'ఈ కోర్టుకు అధికారం లేదు' అని రాయించండి. అభ్యంతరం లేకుండా హాజరై వాదించినా, ఇద్దరూ ఒప్పుకున్నా లెక్క మారిపోతుంది. ఇంకో సంగతి: డిక్రీ జిరాక్సు కాపీ సాక్ష్యంగా నిలవదు, సర్టిఫైడ్ కాపీ కావాలి.

అపోహ: దుబాయ్ డిక్రీ అయినా, కువైట్ డిక్రీ అయినా ఇక్కడ ఒకేలా అమలవుతుంది.

వాస్తవం: యూఏఈ కోర్టుల డిక్రీలను నేరుగా అమలు చేయొచ్చని 2020 జనవరి 17న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. డబ్బు డిక్రీ సర్టిఫైడ్ కాపీకి, ఇప్పటిదాకా ఎంత వసూలైందో ఆ కోర్టే ఇచ్చిన ధ్రువపత్రం జతచేసి జిల్లా కోర్టులో ఈపీ (డిక్రీ అమలు చేయమని కోరే పిటిషన్) వేసుకోవచ్చు. పన్నులు, జరిమానాలకు ఈ దారి లేదు. ఇలా నేరుగా డిక్రీ అమలయ్యే దేశాల జాబితాలో కువైట్, అమెరికా లేవు. అక్కడి తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాలి, అదీ తీర్పు తేదీ నుంచి 3 ఏళ్లలోపు. ఏ దారిలో వెళ్లినా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 13లోని ఆరు అభ్యంతరాలు దాటాల్సిందే. ప్రతివాది రాలేదన్న ఒక్క కారణంతో, సాక్ష్యం చూడకుండా ఇచ్చిన డిక్రీ అక్కడే పడిపోతుంది.

అపోహ: మన చట్టాలు ఇంగ్లండ్ నకళ్లు, అక్కడి తీర్పు చూపిస్తే చాలు.

వాస్తవం: జడ్జి దాన్ని చూడొచ్చు, కట్టుబడక్కర్లేదు. మూలాలు అక్కడివైనా మన 1872 కాంట్రాక్టు చట్టం వేరే దారి పట్టింది: ప్రతిఫలం (ఇచ్చిన మాటకు బదులుగా ముట్టేది) మూడో మనిషి ఇచ్చినా ఒప్పందం నిలుస్తుంది. ఇంగ్లండ్ పాత సూత్రం దీనికి ఒప్పుకోదు.

అపోహ: కువైట్‌లో ఎంబసీ ముద్ర పడిన జీపీఏతో (మన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) నేరుగా భూమి రిజిస్ట్రేషన్‌కు వెళ్లొచ్చు.

వాస్తవం: ముందు మన స్టాంపు డ్యూటీ కట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. గడువు 3 నెలలు. ఆ లెక్క సంతకం తేదీ నుంచి కాదు, కాగితం ఇండియాకు అందిన రోజు నుంచి. కొరియర్ కవరు పారేయకండి, ఆ తేదీకి రుజువు అదే.