గవర్నమెంట్ అంటే మైండ్ కంట్రోల్ కాదండీ బాబూ (అపోహలు - వాస్తవాలు)

బైబిల్ కాలేజీలో గ్రీకు చెప్తాను కాబట్టి ఎవరికి ఏ మాట మీద డౌటొచ్చినా నాకే ఫార్వర్డ్ కొడతారు, ఈమధ్య ఎక్కువ వస్తోంది ఈ వీడియోనే: "గవర్న్ అంటే కంట్రోల్, మెంట్ అంటే మనసు, గవర్నమెంట్ అంటే మనసుల్ని కంట్రోల్ చేసేది, గ్రీకులోనే ఉంది."

అబద్ధం. కాకపోతే మొదటి సగంలో కాస్త నిజం ఉంది, అందుకే మిగతాదీ నమ్మేస్తున్నారు. గ్రీకులో కుబెర్నావో అని క్రియ ఉంది, చుక్కాని పట్టి ఓడ నడపడం. నడిపేవాడు కుబెర్నేతేస్, మన సరంగు. రాజ్యాన్ని ఓడతో పోల్చడం ప్లేటో నాటికే ఉంది. లాటిన్ వాళ్లు దాన్ని గుబెర్నారే చేసుకున్నారు, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో గవర్న్ అయింది. ఇంతవరకు ఓకే. మెంట్ మాత్రం లాటిన్ ప్రత్యయం మెంటుమ్, పని ఫలితాన్నో సాధనాన్నో చెప్తుంది, డాక్యుమెంట్, మాన్యుమెంట్‌లో ఉన్నదీ అదే. మనసు అనే లాటిన్ మాట మెన్స్, అది వేరే. ఫ్రెంచి క్రియావిశేషణాల చివర కనిపించే మెంట్ నిజంగానే ఆ మనసు మాట నుంచి వచ్చింది, స్పెల్లింగ్ ఒకటే గానీ పుట్టుక వేరు. లేదంటే పేవ్‌మెంట్‌కి కూడా మనసుండాలి మరి!

నవ్వి ఊరుకుందును గానీ, మా చర్చిలో ఒక బాలింత ఆ వీడియో చూసి పాపకి గవర్నమెంటు టీకా వేయించాలా వద్దా అని వణుకుతూ వచ్చింది, "అయ్యగారూ మీకు గ్రీకొచ్చుగా, నిజం చెప్పండి" అని. ఆ అమ్మాయిని ఏమంటాం, పసిబిడ్డ తల్లి, భయం ఉంటది. నా కోపమంతా ఆ వీడియోలు చేసేవాళ్ల మీదే. టీకా సంగతి గ్రీకు మేష్టార్ని కాదమ్మా, పీహెచ్‌సీలో డాక్టరమ్మని అడుగు అన్నా. వాళ్లాయన్ని, అత్తగారిని కూడా కూర్చోబెట్టి ఆ మాట ముక్కలు చేసి రాసి చూపించా. తర్వాత వేయించార్లెండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌కి (చాలా కంప్యూటర్ల మీద ప్రోగ్రాముల్ని నడిపించేది) కుబేరుడికి ఏ సంబంధమూ లేదు, 2014లో గూగుల్ వాళ్లు పెట్టింది ఆ సరంగు పేరే, లోగోలో ఓడ స్టీరింగ్ చక్రం చూడండి. ఆ గ్రీకు మాట సంస్కృతం నుంచి వచ్చిందా అంటే, బండి నొగ అనే అర్థమున్న కూబరంతో కొందరు పోల్చారు గానీ తేలలేదు. సైబర్ అంటే కంప్యూటర్ అనుకుంటారు, అది 1948లో అమెరికా గణితవేత్త నార్బర్ట్ వీనర్ వాడిన సైబర్నెటిక్స్‌ (యంత్రాల్లో, జీవుల్లో నియంత్రణ గురించిన శాస్త్రం) లోంచి విరిగిన ముక్క, ఆ పేరూ మన సరంగు మాటలోంచే వచ్చింది. అంతకు వందేళ్ల ముందే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్, కరెంటు కొలిచే ఆంపియర్ ఆయన పేరే, పరిపాలన శాస్త్రానికి అలాంటి పేరే పెట్టాడు.

ఇంకోటి, బైబిల్లో 1 కొరింథీ 12:28లో "ప్రభుత్వములు" అన్నచోట గ్రీకులో ఈ కుబెర్నావో కుటుంబం మాటే ఉంది, సంఘాన్ని నడిపించే వరం అని. ఎలక్షన్ టైములో ఆ వచనం పట్టుకుని ఓటడిగే బ్రదర్స్ దయచేసి గమనించాలి.